బ్యాటరీ దీపం వెలిగిందా? కొత్త బ్యాటరీ కొనేముందు మీటరు పెట్టి చూడండి



ఘనజీవామృతం, కషాయాలు, నవధాన్యాల సాగు గురించి చెప్పుకునే చోట బ్యాటరీల సంగతేంది అని మీకు అనిపించొచ్చు. నేను సేద్యం చేసేది బత్తలపల్లెలో. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే ప్రాంతం మాది. అది కూడా అన్ని ఏళ్లూ పడదు. ముంగారు వాన ఒకటి కురిస్తే ఎర్రనేలలో పదును రెండు మూడు రోజులే. ఆ రెండు రోజుల్లో ట్రాక్టరు సెల్ఫ్ తీసుకోకపోతే విత్తనం పడదు. బుడ్డల చేనుకు పురుగు తగిలిన సాయంత్రం స్ప్రేయరు సగం ట్యాంకుకే ఆగిపోతే నీమాస్త్రం డ్రమ్ములోనే ఉండిపోతుంది. మందుల ఖర్చు, ఎరువుల ఖర్చు తగ్గించుకున్న మనం ఆరేడు వేలు పెట్టి అవసరం లేని బ్యాటరీ కొంటే, ఆ మిగులు అక్కడికే పోతుంది.

ఒక్క మాట మొదటే చెప్తాను. బ్యాటరీ బొమ్మ దీపం వెలిగితే బ్యాటరీ పోయిందని అర్థం కాదు. చార్జింగు దారిలో ఎక్కడో తేడా వచ్చిందని మాత్రమే అర్థం. ఆ దారిలో బెల్టు ఉంది, డైనమో ఉంది, వైర్లు ఉన్నాయి, బిగింపులు ఉన్నాయి, చివర్లో బ్యాటరీ ఉంది. తప్పు ఎక్కడుందో చెప్పేది మీటరు. ట్రాక్టరు, కారు, స్ప్రేయరు, లాప్‌టాప్ అన్నిటికీ ఇదే లెక్క. వీడియోలో మీటరు ఎక్కడ పెట్టాలో చేతులతో చూపించాను. ఇక్కడ అంకెలు, కారణాలు వివరంగా రాస్తున్నాను. వీడియో చూసేటప్పుడు అంకెలు గుర్తుండవు, ఇది దగ్గర పెట్టుకోండి.

దీపం ఎట్లా పని చేస్తుంది

తాళం తిప్పగానే బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలగాలి. ఇంజను స్టార్టు కాగానే ఆరిపోవాలి. ఇది సరైన పద్ధతి.

పాత ట్రాక్టర్లలో, పాత కార్లలో ఈ బల్బుకు ఒక పక్క బ్యాటరీ కరెంటు వస్తుంది, ఇంకో పక్క డైనమో ఉంటుంది. (దీన్ని ఇప్పుడు ఆల్టర్నేటర్ అంటారు. మన పల్లెల్లో అందరూ డైనమో అనే అంటారు కాబట్టి నేనూ అదే మాట వాడతాను.) డైనమో కరెంటు పుట్టించనప్పుడు బ్యాటరీ నుంచి కరెంటు బల్బు గుండా అటు పారుతుంది, బల్బు వెలుగుతుంది. డైనమో పని మొదలుపెట్టగానే రెండు పక్కలా ఒకే వోల్టేజి. ఎత్తుపల్లాలు లేని కాలువలో నీళ్లు కదలనట్టే, కరెంటు కదలదు, బల్బు ఆరిపోతుంది.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, ఆ దీపం బ్యాటరీ బాగుందా లేదా అని చూడనే చూడదు. డైనమో కరెంటు ఇస్తోందా లేదా అన్నదే చూస్తుంది. పాతబడి చచ్చిపోయే బ్యాటరీ ఉన్నా దీపం ఆరే ఉండొచ్చు. రెండు, తాళం తిప్పినప్పుడు దీపం అసలు వెలగకపోతే అది కూడా జబ్బే. బల్బు మాడిపోయి ఉంటుంది. కొన్ని డైనమోలు మొదటి ఊపు కోసం ఆ బల్బు గుండా వచ్చే కరెంటు మీదే ఆధారపడతాయి. చిన్న బల్బు పోయినందుకు చార్జింగే మొదలు కాని బళ్లు ఉన్నాయి. డైనమో విప్పకముందు బల్బు చూడండి.

మూడు కొలతలు

ఎలక్ట్రికల్ షాపులో మామూలు డిజిటల్ మీటరు చవగ్గానే దొరుకుతుంది. బటన్‌ను డీసీ వోల్టుల దగ్గర 20 అంకె మీద పెట్టండి. ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు తాకించండి. తారుమారైనా భయం లేదు, అంకె ముందు మైనస్ గుర్తు వస్తుంది అంతే. కానీ ఎర్ర తీగను మీటరులో ఆంపియర్ల రంధ్రంలో పెట్టి బ్యాటరీకి తాకించొద్దు. మీటరు కాలిపోతుంది.

మొదటి కొలత, బండి నిలిపి ఉన్నప్పుడు. రాత్రంతా కదలకుండా ఉన్న బండికి పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందు చూడాలి. ఇంజను ఆపిన వెంటనే చూస్తే అంకె ఎక్కువగా కనపడి మోసం చేస్తుంది.
- 12.6 లేదా ఆ పైన: నిండుగా ఉంది.
- 12.2 దగ్గర: సగమే ఉంది.
- 12 కంటే తక్కువ: దాదాపు ఖాళీ. ముందు పూర్తిగా చార్జి చేసి, అప్పుడు మళ్లీ పరీక్షించాలి. ఖాళీ బ్యాటరీని చూసి చచ్చిపోయిందని తీర్పు చెప్పకూడదు.

రెండో కొలత, సెల్ఫ్ కొట్టేటప్పుడు. ఒకరు తాళం తిప్పాలి, ఒకరు మీటరు చూడాలి. నిండుగా చార్జి అయిన బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా 9.6 వోల్టులకు కిందకు దిగకూడదు. ఎనిమిదికో ఏడుకో పడిపోతే బ్యాటరీ లోపల బలహీనంగా ఉన్నట్టు. నిలిపి ఉన్నప్పుడు 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే కుప్పకూలేవి ఇవే.

మూడో కొలత, ఇంజను నడిచేటప్పుడు. కొంచెం రేసు పెట్టి చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమో బాగా పని చేస్తున్నట్టు. నిలిపి ఉన్నప్పటి అంకె కంటే పైకి ఎక్కకపోతే చార్జింగు రావడం లేదు. 15 దాటితే రెగ్యులేటరు పోయింది, అది బ్యాటరీని ఉడకబెడుతోంది. నెలనెలా బ్యాటరీలో నీళ్లు తగ్గిపోతున్నాయని చెప్పే బళ్లలో ముందుగా అనుమానించాల్సింది ఇదే.

ఒక హెచ్చరిక. ఇప్పుడొచ్చే కొత్త కార్లలో చార్జింగును కంప్యూటరు నడుపుతుంది. మా జిల్లాలోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అట్లాంటి కొత్త బళ్లలో డీజిలు, పెట్రోలు ఆదా కోసం బ్యాటరీ నిండినప్పుడు వోల్టేజి కాసేపు 13 కిందకు దిగొచ్చు. హెడ్‌లైట్లు వేసి మళ్లీ చూడండి, పైకెక్కుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తానే ఆగే కార్లకు బ్యాటరీ రకమే వేరు. మామూలు బ్యాటరీ పెడితే త్వరగా పోతుంది.

నడుస్తుండగా దీపం వెలిగితే

ముందు చూడాల్సింది బ్యాటరీని కాదు, వేడి ముల్లును. చాలా ట్రాక్టర్లలో, కొన్ని కార్లలో ఒకే బెల్టు డైనమోనూ, నీళ్ల పంపునూ తిప్పుతుంది. బెల్టు తెగితే చార్జింగుతో పాటు ఇంజను చల్లబరిచే పనీ ఆగిపోతుంది. బ్యాటరీ దీపం వెలిగి, వేడి ముల్లు పైకి పోతుంటే అక్కడే ఆపేయాలి. ఇంకో సాలు దున్ని ఆపుదాం అనుకుంటే హెడ్డు పోతుంది. ఆపిన వెంటనే రేడియేటరు మూత తెరవొద్దు, పొంగిన నీళ్లు ముఖం కాలుస్తాయి.

వేడి మామూలుగా ఉండి, బెల్టు చోటులో ఉంటే కంగారు వద్దు. ఏసీ, లైట్లు, పాటలు ఆపేసి దగ్గర్లోని ఊరికి చేరండి. మధ్యలో ఇంజను ఆపొద్దు, మళ్లీ స్టార్టు కాకపోవచ్చు. పాత డీజిలు ట్రాక్టరు స్టార్టు అయ్యాక బ్యాటరీ లేకున్నా నడుస్తుంది. పెట్రోలు కార్లు, కొత్త డీజిలు బళ్లు అట్లా కాదు. బ్యాటరీలో ఉన్నది అయిపోగానే నిలబడిపోతాయి.

మిగతా దీపాలను రంగును బట్టి గుర్తుపెట్టుకోండి. ఎరుపు అంటే ఆగు. పసుపు అంటే త్వరగా చూపించు. ఆకుపచ్చ, నీలం అంటే ఫలానాది వేసి ఉంది అని చెప్పడం. ఎర్రటి నూనె చెంబు బొమ్మ వెలిగితే మాత్రం ఒక్క నిమిషం కూడా నడపొద్దు. ఆయిల్ ఒత్తిడి లేని ఇంజను లోపల ఇనుముకు ఇనుము రాసుకుంటుంది.

ఇంటికి చేరాక ఈ వరుసలో చూడండి. చవకైనది ముందు, ఖరీదైనది చివర.

1. బెల్టు. ఇంజను ఆపి, రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే దాదాపు అర అంగుళం దిగాలి. ఇంకా దిగితే వదులు. అద్దంలా నున్నగా మెరుస్తుంటే జారుతోంది. స్టార్టు చేయగానే కీచుమని అరవడం కూడా బెల్టు జారే గుర్తే.

2. బిగింపులు. బ్యాటరీ బుడిపెల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటుంది. చేత్తో తిప్పితే క్లాంపు కదులుతుంది. ముందు మైనస్ విప్పాలి, తర్వాత ప్లస్. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, ముందు ప్లస్, తర్వాత మైనస్ బిగించి, పైన వ్యాజిలీన్ పూయాలి. అనుమానం ఉంటే మీటరు ఒక తీగ సీసపు బుడిపె మీద, రెండోది దాని క్లాంపు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు వచ్చిందంటే కరెంటు ఆ మురికిలోనే పోతోంది.

3. వైర్లు. షెడ్డులో ఎలుకలు ఉన్నాయా? బుడ్డల మూటలు, దాణా పక్కన ట్రాక్టరు నిలిపితే తప్పకుండా ఉంటాయి. డైనమో నుంచి వచ్చే లావు వైరు, ఇంజను నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ పట్టీ చూడండి.

4. ఫ్యూజులు, బల్బు.

5. డైనమో. పై నాలుగూ బాగుండి, మూడో కొలత పైకెక్కకపోతే అప్పుడు విప్పించండి. చాలాసార్లు అరిగిన బ్రష్షులు, రెగ్యులేటరు మారిస్తే సరిపోతుంది. మొత్తం డైనమో మార్చనక్కరలేదు.

మా పక్క చేనాయన ట్రాక్టరుకు టౌన్లో ఒక షాపులో బ్యాటరీ మార్చమన్నారు. మీటరు పెడితే ఇంజను నడుస్తున్నా 12.3 దగ్గరే నిలిచింది. బెల్టు బిగించాక 14.1 వచ్చింది. పాత బ్యాటరీని రాత్రంతా చార్జి చేసి పెట్టాము. ఆ ముంగారు విత్తనం దానితోనే పడింది. కొత్త బ్యాటరీ పెట్టి ఉన్నా వారానికే మళ్లీ ఖాళీ అయ్యేది, ఎందుకంటే జబ్బు బెల్టుది.

ఇంకో అలవాటు మానుకోవాలి. డైనమో పని చేస్తుందో లేదో చూడటానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకే మెకానిక్కులు ఉన్నారు. అట్లా పీకితే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డైనమోలోని డయోడ్లు, కొత్త బళ్లలో కంప్యూటరు పోతాయి. మీటరు ఉండగా ఆ పని ఎందుకు?

రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే

డైనమో బాగుంది, పగలు బాగా నడిచింది, పొద్దున్నే మాత్రం సెల్ఫ్ తీసుకోదు. ఇక్కడ రెండు అనుమానాలు. బ్యాటరీ నిలుపుకోలేకపోతోందా, లేక బండిలో ఏదో ఒకటి దొంగగా కరెంటు తాగుతోందా?

దీనికి తేలిక పరీక్ష ఉంది. బ్యాటరీని నిండుగా చార్జి చేసి, మైనస్ వైరు విప్పేయండి. రెండు మూడు గంటలు ఆగి, అప్పటి అంకె రాసుకోండి. పొద్దున్నే మళ్లీ చూడండి. అంకె నిలబడితే బ్యాటరీ మంచిదే, బండి వైరింగులో లీకు ఉంది. తర్వాత బిగించిన టేపు రికార్డరు, అదనపు లైట్లు, ఫోన్ చార్జరు ఒక్కొక్కటే విప్పి చూడండి. వైరు విప్పినా అంకె దిగిపోతే బ్యాటరీ లోపలే జబ్బు.

మన ఎండ సంగతి

ఇప్పటికీ మన బళ్లలో ఉన్నది 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు పలకల, గంధకామ్లపు బ్యాటరీయే. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరాన్ బ్యాటరీలు తయారవుతాయి, వాటి లోపల కూడా మూలం అదే. చలి దేశాల్లో బ్యాటరీ చలికాలంలో మొరాయిస్తుంది. మనకు ఎండాకాలంలో లోపల చెడిపోయి, తర్వాత వాన పడి బండి అవసరమైన రోజున బయటపడుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీల వేడికీ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఒక మోటు లెక్క. మాకు వేసవిలో నీడలోనే 40 దాటుతుంది. బానెట్టు కింద ఇంకెంతుంటుందో ఊహించుకోండి.

నేలకు ఆచ్ఛాదన ఎట్లనో బ్యాటరీకి నీడ అట్లనే. ట్రాక్టరును వేపచెట్టు కిందో, బోద పందిరి కిందో నిలపండి. ఎండాకాలం ట్రాక్టరుకు పని తక్కువ కాబట్టి నెలల తరబడి అట్లనే వదిలేస్తాం. బ్యాటరీ తనంతట తానే కొంచెం కొంచెం దిగుతుంది. దిగిన బ్యాటరీ వారాల తరబడి అట్లనే ఉంటే పలకల మీద సీసం సల్ఫేటు గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడు చార్జింగుతో కరుగుతుంది. గట్టిపడ్డాక కరగదు. కాబట్టి మైనస్ వైరు విప్పి పెట్టండి, నెలకోసారి చార్జి చేయండి. పని లేకున్నా పది నిమిషాలు ఇంజను తిప్పితే సరిపోతుందని అనుకోవద్దు. సెల్ఫ్ కొట్టడానికి పోయిన కరెంటు కూడా అంతలో పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

మూతలు ఉన్న బ్యాటరీకి ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి నీళ్లు చూడాలి. పలకలు మునిగి, పైన ఒక సెంటీమీటరు నీళ్లు ఉండాలి. డిస్టిల్డ్ వాటరే పోయాలి. మా అనంతపురం బోరు నీళ్లలో ఉప్పులు, ఫ్లోరైడు ఎక్కువ. అవి పలకలను తినేస్తాయి. యాసిడ్ పోయొద్దు, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే కానీ యాసిడ్ కాదు. పలకలు మునిగి ఉంటే, చార్జి చేశాకే నింపండి. ముందే నిండుగా పోస్తే చార్జింగులో పొంగి బయటకు వస్తుంది.

హైడ్రోమీటరు ఉంటే ఆరు గదులూ చూడండి. అయిదు గదులు ఒకేలా ఉండి, ఒక్క గది మాత్రం 0.050 కంటే ఎక్కువ తక్కువైతే ఆ గది పోయినట్టే. అప్పుడు మాత్రం కొత్తది కొనాల్సిందే.

స్ప్రేయరు బ్యాటరీ

ప్రకృతి సేద్యంలో ఎక్కువమందికి వచ్చే తిప్పలు ఇదే. వీపు స్ప్రేయర్లలో చాలావాటిలో 12 వోల్టుల, 8 ఆంపియర్ గంటల బ్యాటరీ ఉంటుంది. పంపు రెండున్నర ఆంపియర్లు తాగితే లెక్క ప్రకారం మూడు గంటలు రావాలి. అరగంటకే ఆగిపోతే బ్యాటరీ పోయిందంటాం. కానీ ముందు ఫిల్టరు విప్పి చూడండి.

జీవామృతంలో పేడ పీచు, పిండి ముద్ద, మట్టి ఉంటాయి. పీల్చే చోట జల్లెడ మూసుకుపోతే పంపు తిరుగుతున్నా నీళ్లు రావు, పిచికారీ నీరసపడుతుంది. నాజిలు మూసుకుపోతే ఒత్తిడి స్విచ్చు పడి పంపు టక్ టక్ మని ఆగి ఆగి తిరుగుతుంది. రెండూ చూడటానికి బ్యాటరీ దిగిపోయినట్టే ఉంటాయి. మంచినీళ్లు పోసి కొట్టి చూడండి. నీళ్లు బాగా వస్తే జబ్బు బ్యాటరీది కాదు, వడపోతది. జీవామృతాన్ని పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. పని అయ్యాక ప్రతిసారీ మంచినీళ్లు నింపి రెండు నిమిషాలు వదలాలి.

రెండోది చార్జింగు రంధ్రం. ఆవు మూత్రంలో ఉప్పులుంటాయి. ట్యాంకు నుంచి కారి ఆ రంధ్రంలో పడితే రాగి పచ్చబడుతుంది, పిన్ను తగలదు. తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, సన్నటి ఉప్పుకాగితంతో మెల్లగా గీకండి. ఈ పని చేసేటప్పుడు చార్జరు గోడ నుంచి తీసేసి ఉండాలి.

ఇక చార్జరు దీపం చెప్పే మాటలు. మామూలుగా చార్జి అయ్యేటప్పుడు ఎరుపు, నిండితే ఆకుపచ్చ.
- ఖాళీ బ్యాటరీకి పెట్టగానే ఆకుపచ్చ వస్తే, కరెంటు లోపలికి పోవడం లేదు. ఫ్యూజు, పిన్ను, వైరు చూడండి. అవి బాగుంటే బ్యాటరీ గట్టిపడిపోయింది.
- రాత్రంతా పెట్టినా ఎరుపు మారక, బ్యాటరీ వేడెక్కుతుంటే లోపల ఒక గది షార్టయింది. ఇక వాడొద్దు.
- దీపమే వెలగకపోతే ప్లగ్గు, చార్జరు, గోడ స్విచ్చు.

చార్జి నిండాక రెండు గంటలు ఆగి మీటరు పెట్టండి. 12.7 పైన ఉంటే బాగుంది. తర్వాత పంపు నడుస్తుండగా చూడండి. వెంటనే 11 కిందకు పడితే ఆయుష్షు తీరింది.

ఈ చిన్న బ్యాటరీలను చంపేది ఎక్కువగా వాడకం కాదు, వాడాక ఖాళీగా పడేయడం. కొట్టిన రాత్రే చార్జికి పెట్టండి. పంట అయ్యాక కూడా నెలకోసారి పెట్టండి. లిథియం బ్యాటరీ ఉన్న స్ప్రేయరుకు దానితో ఇచ్చిన చార్జరే వాడాలి. పక్కింటి సీసపు బ్యాటరీ చార్జరు పెడితే మంట పుట్టే ప్రమాదం ఉంది. సోలార్ పలకను నేరుగా తగిలించే వాళ్లకు ఒక మాట. 12 వోల్టుల పలక అని రాసి ఉన్నా, మన ఎండకు ఖాళీగా ఉన్నప్పుడు 20 వోల్టుల పైనే చూపిస్తుంది. మధ్యలో చార్జి కంట్రోలరు లేకుండా వదిలేస్తే బ్యాటరీ ఉబ్బుతుంది.

లాప్‌టాప్

వీడియోలు తయారు చేసేవాళ్లం, గ్రూపు లెక్కలు రాసేవాళ్లం, పిల్లల చదువులు, ఇట్లా లాప్‌టాప్ కూడా ఇప్పుడు పల్లె సామానే. ప్లగ్గు పెట్టినా చార్జి కావడం లేదు అని తెర మీద వస్తే ఈ వరుసలో చూడండి.

మొదట, ఎంత దగ్గర ఆగింది? 60 దగ్గరో 80 దగ్గరో కచ్చితంగా ఆగితే అది జబ్బు కాదు. లెనోవో, ఆసుస్ లాంటి కంపెనీలు బ్యాటరీ ఆయుష్షు కోసం అక్కడే ఆపే సెట్టింగు ఇస్తాయి. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే లాప్‌టాప్‌కు అది మంచిదే. ప్రయాణం ముందు రోజు తీసేస్తే నూరు వరకు ఎక్కుతుంది.

రెండు, వేడి. లిథియం బ్యాటరీ 45 డిగ్రీలు దాటితే చాలా యంత్రాలు చార్జింగు ఆపేస్తాయి. మే నెలలో రేకుల షెడ్డు కింద, మంచం పరుపు మీద పెట్టి వాడితే ఆగకేం చేస్తుంది? చల్లటి గచ్చు మీద పెట్టి, ఆపి, గంట తర్వాత చూడండి.

మూడు, చార్జరు. కింద చీటీ మీద వాట్లు చూడండి. 65 వాట్లు అడిగే లాప్‌టాప్‌కు 18 వాట్ల ఫోన్ చార్జరు పెడితే పిన్ను సరిపోయినా కడుపు నిండదు.

నాలుగు, ఆపి మళ్లీ మొదలుపెట్టడం. పూర్తిగా ఆపి, చార్జరు తీసి, పవర్ బటన్ 30 సెకండ్లు నొక్కి పట్టుకోండి. మళ్లీ చార్జరు పెట్టి ఆన్ చేయండి. చాలాసార్లు ఇంతటితో తేలిపోతుంది.

అయిదు, బ్యాటరీ లెక్క. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టాలి. అక్షరాలు వీడియోలో పెద్దగా చూపించాను. వచ్చే కాగితంలో డిజైన్ కెపాసిటీ అంటే కొత్తలో పట్టినది. ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పడుతున్నది. మొదటిది 50,000, రెండోది 30,000 ఉంటే వందకు అరవై మిగిలింది. వాడుకోవచ్చు. సగం కంటే బాగా తగ్గితే మార్చుకోవచ్చు.

కింద పలక ఉబ్బినా, వేలితో తాకే చోటు పైకి లేచినా ఆ క్షణం నుంచి చార్జి పెట్టొద్దు. పొడవొద్దు, నొక్కొద్దు. సర్వీసు సెంటరుకు ఇవ్వండి.

కరెంటు సంగతి కూడా ఒక మాట. లాప్‌టాప్ చార్జర్లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. కాబట్టి వోల్టేజి తక్కువైతే భయం లేదు. భయం న్యూట్రల్ తెగినప్పుడే. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తెగితే ఒక ఇంటికి 300 వోల్టుల పైన కూడా రావొచ్చు. లైట్లు ఒక్కసారిగా మరీ తెల్లగా వెలిగితే అన్ని ప్లగ్గులూ పీకేయండి. గాలివాన, ఉరుములప్పుడు కూడా అంతే.

పాత బ్యాటరీని చేనుకు దూరంగా

ఇది మన సేద్యానికి నేరుగా తగిలే సంగతి. పాత బ్యాటరీ నీళ్లు చౌడు నేలకు మంచిదని, గట్టు మీద గడ్డి చస్తుందని పోసేవాళ్లను చూశాను. ఆ నీళ్లలో యాసిడ్‌తో పాటు సీసం ఉంటుంది. యాసిడ్ ఎప్పటికో విరిగిపోతుంది. సీసం మట్టిలోంచి పోదు. వానపాముల కోసం, సూక్ష్మజీవుల కోసం ఏళ్ల తరబడి జీవామృతం పోసిన నేలలో అది పిల్లల తరానికీ ఉంటుంది. ఆకుకూరలకు పట్టుకుంటుంది. పిల్లల మెదడుకు సీసం విషం.

పాత బ్యాటరీని పగలగొట్టి సీసం తీసే వాళ్లకు అమ్మొద్దు. కొత్తది కొనేటప్పుడు షాపులోనే ఇచ్చేయండి, పాతదానికి ధర తగ్గిస్తారు. 2022లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. యాసిడ్ చిందితే వంటసోడా చల్లి, నురగ ఆగాక తుడవండి. చేతికి, కంటికి తగిలితే మంచినీళ్లతో పదిహేను నిమిషాలు ఆపకుండా కడిగి, కంటికైతే వెంటనే ఆస్పత్రికి పోవాలి.

చివరగా, ప్రాణం జాగ్రత్త

చార్జి అయ్యే సీసపు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. అది అంటుకునే గాలి. బీడీ, అగ్గిపుల్ల, నిప్పురవ్వ దగ్గర ఉండకూడదు. మూసిన గదిలో చార్జి పెట్టొద్దు. ఇంకో బండి నుంచి కేబుళ్లతో స్టార్టు చేసేటప్పుడు వరుస ఇది: ఎర్ర కేబులు ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు, నల్ల కేబులు మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస దిగిపోయిన బండి ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. చివరి కొసలో నిప్పురవ్వ వస్తుంది కాబట్టి ఆ దూరం.

ముంగారుకు ముందే, మే నెలాఖరులో ఒక సాయంత్రం కేటాయించండి. బెల్టు, బిగింపులు, నీళ్లు, మూడు కొలతలు, స్ప్రేయరు ఫిల్టరు. అంకెలు షెడ్డు గోడ మీద సుద్దతో తేదీ వేసి రాయండి. వచ్చే ఏడాది పోల్చుకోవడానికి అవే ఆధారం. మీ బండికి వచ్చిన అంకెలు, దీపం ఎప్పుడు వెలుగుతోంది అన్నది రాసి పంపితే, తప్పు ఎక్కడుందో కలిసి వెతుకుదాం. పక్క చేనాయనకు మీటరు లేకపోతే మీది ఒక గంట ఇవ్వండి.